నీట్ ర్యాంకు వచ్చాక చేయవలసిన రెండో దరఖాస్తు: శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులకు ఎంబీబీఎస్ ప్రవేశ మార్గదర్శి

నీట్‌కు దరఖాస్తు చేయడమూ, మెడికల్ కాలేజీకి దరఖాస్తు చేయడమూ వేర్వేరు పనులన్న సంగతి మన జిల్లాల్లో చాలా కుటుంబాలకు ఫలితాలు వచ్చాకే తెలుస్తోంది. పరీక్ష నిర్వహించే నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ మార్కులనూ, అఖిల భారత ర్యాంకునూ ప్రకటించి తప్పుకుంటుంది. ఏ కాలేజీలోనూ సీటు ఇవ్వడం దాని పని కాదు. రాష్ట్ర కోటా సీట్లకు విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేయాలి. ప్రభుత్వ కాలేజీల్లో పదిహేను శాతంగా ఉన్న అఖిల భారత కోటా సీట్లకూ, ఎయిమ్స్, జిప్మర్, డీమ్డ్ విశ్వవిద్యాలయాల సీట్లకూ ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ, అంటే అందరూ ఎంసీసీ అని పిలిచే సంస్థ వద్ద నమోదు చేసుకోవాలి. ప్రైవేటు కాలేజీల్లోని యాజమాన్య కోటా సీటు కావాలంటే మళ్లీ విజయవాడ విశ్వవిద్యాలయమే విడిగా ఇచ్చే మరో నోటిఫికేషన్ కింద ఇంకొక దరఖాస్తు పెట్టాలి. ఒక్క ర్యాంకుకు మూడు దరఖాస్తులన్న మాట. దేని గడువు దానిదే, దేని ఫీజు దానిదే. ఒకదానిలో పెట్టిన వివరాలు ఇంకొకదానికి వాటంతటవే వెళ్లవు.

ఫలితం వచ్చాక ర్యాంకును మార్చలేము, కానీ ఆ ర్యాంకుకు రావలసిన సీటు చేజారడానికి మాత్రం ఒక స్టడీ సర్టిఫికెట్ (ఏ తరగతి ఎక్కడ చదివారో బడి ఇచ్చే పత్రం) లోపించినా చాలు. అందుకే మే నెలలో పరీక్ష రాసి వచ్చిన మర్నాటి నుంచి జూన్‌లో ఫలితాలు వచ్చే వరకు దొరికే వ్యవధిని కీ చూసుకుని మార్కులు కూడుకోవడానికి కాక, కాగితాలు కూర్చుకోవడానికి వాడుకోవడం మంచిది. నోటిఫికేషన్ వెలువడ్డాక దరఖాస్తుకు ఇచ్చే రోజులు తక్కువగా ఉంటాయి. ఆ రోజుల్లో సచివాలయాల్లోనూ, తహసీల్దార్ కార్యాలయాల్లోనూ అదే పని మీద వచ్చినవారు చాలామంది ఉంటారు.

ఎవరు అర్హులు

అర్హత విషయం క్లుప్తమే. ప్రవేశం పొందే సంవత్సరం డిసెంబరు 31 నాటికి పదిహేడేళ్లు నిండాలి. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు చదివి ఉండాలి. సైన్సు సబ్జెక్టులు మూడింటిలో కలిపి ఓసీలకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40 శాతం మార్కులు రావాలి. నీట్‌లో ఓసీలు, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) అభ్యర్థులు 50వ పర్సంటైల్ (అంటే పరీక్ష రాసినవారిలో సగం మందిని దాటిన స్థానం), రిజర్వుడు వర్గాలవారు 40వ పర్సంటైల్ దాటాలి. పర్సంటైల్ దాటితే దరఖాస్తుకు అర్హత వచ్చినట్టే గాని సీటు వచ్చినట్టు కాదు. 2025లో జనరల్ వర్గానికి అర్హత మార్కు 720కి 144 మాత్రమే. ప్రభుత్వ సీటు దక్కాలంటే దానికంటే ఎంతో ఎక్కువ కావాలని వేరే చెప్పనక్కర్లేదు.

స్థానికత లెక్క

మన జిల్లాల విద్యార్థులు అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినదీ, అన్నిటికంటే తక్కువ శ్రద్ధ పెడుతున్నదీ ఈ విషయంలోనే. రాష్ట్ర కోటా సీట్లలో 85 శాతం స్థానిక అభ్యర్థులకు, మిగిలిన 15 శాతం అన్‌రిజర్వుడు కింద స్థానికులకూ, అర్హత ఉన్న స్థానికేతరులకూ ఉంటాయి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతమనీ, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతమనీ రెండు స్థానిక ప్రాంతాలున్నాయి. పాత జిల్లాల లెక్కన శ్రీకాకుళం నుంచి ప్రకాశం వరకు మొదటిదాని కిందికి, నెల్లూరు జిల్లా, రాయలసీమ జిల్లాలు రెండోదాని కిందికి వస్తాయి. పుట్టిన ఊరు, రేషన్ కార్డు, ఓటరు కార్డు స్థానికతను నిర్ణయించవు. ఎక్కడ చదివారన్నదే లెక్క.

ఇంటర్ రెండో సంవత్సరంతో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా, ఒకే ప్రాంతంలో చదివితే ఆ ప్రాంతానికి స్థానికులు అవుతారు. సాలూరులో పదో తరగతి వరకు చదివి ఇంటర్‌కు విశాఖపట్నం గాని, విజయవాడ గాని, గుంటూరు గాని వెళ్లినవారికి ఏ చిక్కూ లేదు, ఎందుకంటే అవన్నీ ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలోనివే. చిక్కల్లా తిరుపతి, నెల్లూరు కార్పొరేట్ కాలేజీల్లో ఇంటర్ చదివినవారికి. ఉదాహరణకు టెక్కలిలో ఆరు నుంచి పది వరకు చదివి, తిరుపతిలో ఇంటర్ పూర్తి చేసిన అమ్మాయి విషయం చూద్దాం. చివరి నాలుగేళ్లలో రెండేళ్లు ఇక్కడ, రెండేళ్లు అక్కడ గడిచాయి కాబట్టి నాలుగేళ్ల నిబంధన ఏ ప్రాంతానికీ సరిపోదు. అప్పుడు చివరి ఏడేళ్లు చూస్తారు. ఆ ఏడేళ్లూ రాష్ట్రంలోనే చదివి ఉంటే, ఎక్కువ కాలం ఏ ప్రాంతంలో గడిచిందో ఆ ప్రాంతానికి స్థానికురాలు అవుతుంది. ఐదేళ్లు టెక్కలిలో, రెండేళ్లు తిరుపతిలో కాబట్టి ఆమె మన ప్రాంతం అమ్మాయే. కానీ ఆ సంగతి రుజువు కావాలంటే ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు ఒక్క ఏడాది కూడా ఖాళీ లేకుండా స్టడీ సర్టిఫికెట్లు చూపించాలి. తొమ్మిది, పది తరగతుల పత్రాలు ఉంటే చాలుననుకుని అవి మాత్రమే అప్‌లోడ్ చేస్తే, న్యాయంగా స్థానికురాలైనా కాగితాల మీద కాకుండా పోతుంది.

ఇంటర్ రెండేళ్లూ హైదరాబాద్‌లో చదివినవారికి ఈ ఏడేళ్ల లెక్క కుదరదు, ఎందుకంటే ఏడేళ్లూ రాష్ట్రం లోపలే గడవాలన్నది నిబంధన. ఇచ్ఛాపురం, కవిటి, మందస ప్రాంతాల పిల్లలు కొందరు ఒడిశాలోని బరంపురంలో చదువుకుంటారు, వలస వెళ్లిన మత్స్యకార కుటుంబాల పిల్లలు గుజరాత్‌లోనో చెన్నైలోనో చదువుకుంటారు. వీరికీ అదే ఇబ్బంది. వీరు పూర్తిగా నిరాశపడనక్కర్లేదు. తల్లి గాని తండ్రి గాని ఉద్యోగరీత్యా బయట ఉన్న కాలం పోను రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించినట్టు తహసీల్దార్ ధ్రువపత్రం తెచ్చుకోగలిగితే 15 శాతం అన్‌రిజర్వుడు సీట్లకు పోటీ పడవచ్చు. ఒక ఊరటేమిటంటే, ఇంటర్ పూర్తయ్యాక తీసుకున్న లాంగ్ టర్మ్ కోచింగ్ ఈ లెక్కలోకి రాదు; అది ఏ ఊళ్లో తీసుకున్నా స్థానికత మారదు.

స్టడీ సర్టిఫికెట్ తెచ్చుకునేటప్పుడు కాగితాన్ని చేతికి తీసుకుని అక్కడే నిలబడి చదవాలి. ఏ తరగతి, ఏ విద్యా సంవత్సరం అన్నవి ఒక్కో ఏడాదికి ఒక్కో వరుసగా ఉన్నాయా, అడ్మిషన్ నంబరు ఉందా, ప్రధానోపాధ్యాయుని సంతకం కింద ముద్ర స్పష్టంగా పడిందా, పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉందా అని చూసుకోవాలి. ‘2017 నుంచి 2022 వరకు మా పాఠశాలలో చదివెను’ అని ఒక్క ముక్కలో రాసిచ్చిన పత్రం కంటే ఏడాదివారీ పట్టికతో ఉన్నదే పరిశీలకుడికి తేలికగా అర్థమవుతుంది. మధ్యలో మూతపడిన ప్రైవేటు పాఠశాలలో చదివి ఉంటే మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో రికార్డుల గురించి అడగాలి. దానికి సమయం పడుతుంది కాబట్టి ఈ పని అందరికంటే ముందు మొదలుపెట్టాలి. కార్పొరేట్ కాలేజీల విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది. తరగతులు ఒక క్యాంపస్‌లో జరిగినా ఇంటర్ బోర్డులో నమోదు ఇంకొక కాలేజీ కోడ్ కింద ఉండటం మామూలే. మెమో మీద ఏ కాలేజీ కోడ్ ఉందో ఆ కాలేజీ పేరుతోనే స్టడీ సర్టిఫికెట్, టీసీ ఉండాలి, లేకుంటే పరిశీలనలో ప్రశ్న వస్తుంది.

కులం, ఆదాయం, పేరు

రాష్ట్ర కోటాలో బీసీలకు 29 శాతం, ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, ఈడబ్ల్యూఎస్‌కు 10 శాతం రిజర్వేషన్ ఉంది. ప్రతి వర్గంలోనూ మూడో వంతు సీట్లు మహిళలకు. బీసీలో ఏ, బీ, సీ, డీ, ఈ గ్రూపుల విభజన ఉన్నట్టే, 2025లో వచ్చిన వర్గీకరణ వల్ల ఎస్సీలకూ మూడు గ్రూపులు ఏర్పడ్డాయి. కుల ధ్రువపత్రంలో ఉపకులం పేరు స్పష్టంగా ఉండటం అందుకే అవసరం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి సీతంపేట, పాలకొండ ప్రాంతాలు పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం ప్రాంతం విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి. దానితో పాత పత్రాల మీద శ్రీకాకుళం జిల్లా అనీ, ఆధార్‌లో కొత్త జిల్లా అనీ ఉండటం చూసి చాలామంది కంగారు పడుతున్నారు. కుల ధ్రువపత్రం శాశ్వతమైనది, జిల్లా పేరు మారినంత మాత్రాన చెల్లకుండా పోదు. వ్యవధి ఉంటే కొత్తది తీసుకోవడం సుఖం, లేకపోతే పాతదానితోనే దరఖాస్తు చేయవచ్చు. స్థానిక ప్రాంతం మాత్రం ఈ మార్పుతో ఏమీ మారలేదు.

ఎంసీసీ దగ్గరకు వెళ్లేసరికి కులం సంగతి మరో రకంగా ఉంటుంది. అక్కడ రాష్ట్ర బీసీ ధ్రువపత్రం పనికిరాదు. కేంద్ర నమూనాలో, క్రీమీలేయర్ (వెనుకబడిన తరగతుల్లోని సంపన్న శ్రేణి) కాదని తెలిపే ఓబీసీ ధ్రువపత్రం, అదీ ఆ ఆర్థిక సంవత్సరానికి చెల్లేది కావాలి. రాష్ట్ర జాబితాలో బీసీలుగా ఉన్న కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. తూర్పు కాపులు, కళింగ వైశ్యులు, శిష్టకరణాల వంటి ఉత్తరాంధ్ర కులాలను కేంద్ర జాబితాలో చేర్చాలన్న డిమాండ్ పార్లమెంటులో వినిపించినది ఇందుకే. జాతీయ వెనుకబడిన తరగతుల కమిషన్ వెబ్‌సైట్‌లో రాష్ట్రాలవారీ జాబితా ఉంటుంది; దరఖాస్తు నింపే ముందు మీ కులం పేరు అందులో ఉందో లేదో స్వయంగా చూసుకోవాలి. కేంద్ర జాబితాలో లేని కులం వారు అక్కడ ఓబీసీ అని పెట్టుకుంటే సీటు వచ్చాక కాలేజీ దగ్గర తిప్పి పంపుతారు. అటువంటివారు, కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉండి, ఐదెకరాల సాగుభూమి వంటి ఆస్తి పరిమితులకు లోబడి ఉంటే, కేంద్ర అవసరాలకు ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రం పొందే అవకాశాన్ని తహసీల్దార్ కార్యాలయంలో అడిగి చూడాలి. ఇక్కడ బీసీగా, అక్కడ ఈడబ్ల్యూఎస్‌గా ఉండటం వింతగా అనిపించవచ్చు. జాబితాలు రెండు కాబట్టి అలా జరుగుతుంది.

పేరు విషయంలో కొలబద్ద ఒక్కటే: పదో తరగతి మెమో. మనవైపు ఇంటిపేరు మెమోలో పూర్తిగా ముందు ఉండి, ఆధార్‌లో ఒక్క అక్షరంగా మారిపోయి, బ్యాంకు పాసుపుస్తకంలో చివరికి చేరడం సర్వసాధారణం. మెమోను మార్చడం కష్టం, ఆధార్‌ను మార్చడం తేలిక. అందుచేత మిగతా పత్రాలన్నిటినీ మెమోకు సరిపోయేలా ముందే దిద్దించుకోవాలి.

దరఖాస్తు నింపే రోజు

విశ్వవిద్యాలయం పేరు 2022లో వైఎస్సార్ ఆరోగ్య విశ్వవిద్యాలయమని మారి, 2024లో తిరిగి ఎన్టీఆర్ పేరుకు వచ్చింది కాబట్టి ఇంటర్నెట్‌లో పాత పేరుతో, పాత లింకులతో కనిపించే పేజీలు ఇంకా ఉన్నాయి. ఆ ఏడాది నోటిఫికేషన్ ఉన్న అసలు వెబ్‌సైటులోకే వెళ్లాలి. ఇంట్లో కంప్యూటర్ లేనివారు శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గరో, విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరో ఉన్న నెట్ సెంటర్‌కు వెళ్లి చేయించుకోవడం మామూలే, అందులో తప్పేమీ లేదు. కానీ అక్కడ రెండు విషయాల్లో మొహమాటం పనికిరాదు. మొదటిది ఫోన్ నంబరు. రద్దీలో పని త్వరగా తెమలాలని ఆపరేటరు తన నంబరూ, తన ఈమెయిలూ వేసేస్తుంటాడు. ఓటీపీలన్నీ ఆ నంబరుకే పోతాయి. కొన్ని వారాల తరువాత వెబ్ ఆప్షన్లు (కావలసిన కాలేజీల వరుసను ఆన్‌లైన్‌లో ఎంచుకోవడం) పెట్టే రోజున, అతను ఊళ్లో లేకపోయినా, ఫోన్ ఎత్తకపోయినా మీ దరఖాస్తు మీకే తెరుచుకోదు. తల్లిదండ్రుల దగ్గర స్థిరంగా ఉండే నంబరునే ఇవ్వాలి, ఆ సిమ్‌కు రీచార్జి అయిపోకుండా చూసుకోవాలి.

రెండోది డబ్బు చెల్లింపు. ఎంసీసీకి నమోదు రుసుముతో పాటు తిరిగివచ్చే డిపాజిట్ కట్టాలి. అఖిల భారత కోటాకు జనరల్ అభ్యర్థులు వెయ్యి రూపాయల రుసుము, పదివేల డిపాజిట్, రిజర్వుడు వర్గాలవారు ఐదు వందల రుసుము, ఐదువేల డిపాజిట్ కట్టాలి. డీమ్డ్ విశ్వవిద్యాలయాలకైతే రుసుము ఐదువేలు, డిపాజిట్ రెండు లక్షలు. ఆ డిపాజిట్ ఏ ఖాతా నుంచి వెళ్లిందో తిరిగి ఆ ఖాతాకే వస్తుంది. నెట్ సెంటర్ వారి కార్డుతో కట్టించి వారికి నగదు ఇచ్చేస్తే, నెలల తరువాత వచ్చే డబ్బు వారి ఖాతాలో పడుతుంది. మీ బ్యాంకు ఖాతా నుంచి గాని, దగ్గరి బంధువు ఖాతా నుంచి గాని కట్టడమే క్షేమం. డీమ్డ్ కాలేజీల వార్షిక ఫీజు భరించే ఉద్దేశం లేనివారు ఆ రెండు లక్షలు కట్టి ఆ విభాగంలో చేరవలసిన పనే లేదు.

పత్రాలను ఫోన్‌తో ఫొటో తీసి పంపితే అంచులు తెగి, నీడలు పడి, ముద్ర చదవడానికి వీలుకాకుండా పోతుంది. స్కానర్ మీద పెట్టి, నోటిఫికేషన్ చెప్పిన పరిమాణంలో పీడీఎఫ్ చేయించాలి. అప్‌లోడ్ అయ్యాక ప్రతి ఫైలునూ తెరిచి చూడాలి. కులం పత్రం ఉండవలసిన చోట ఆదాయం పత్రం ఉన్నా కంప్యూటర్ ఏమీ అనదు. పరిశీలకుడు మాత్రం మిమ్మల్ని ఓసీగా లెక్కిస్తాడు. సబ్మిట్ చేసిన తరువాత వచ్చే దరఖాస్తు ప్రింటును దాచుకోవాలి.

ఇక్కడితో పని అయిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. నీట్ ఇచ్చేది అఖిల భారత ర్యాంకు. దరఖాస్తు చేసిన రాష్ట్ర అభ్యర్థులను ఆ ర్యాంకుల క్రమంలో పేర్చి విశ్వవిద్యాలయం తాత్కాలిక మెరిట్ జాబితా ప్రకటిస్తుంది. అభ్యంతరాలకు స్వల్ప గడువు ఇస్తుంది. ఆ జాబితాలో మీ పేరు ఎదురుగా స్థానిక ప్రాంతం, కులం, స్త్రీ పురుష వివరం సరిగా ఉన్నాయో లేదో చూసి, తేడా ఉంటే ఆధారం జతచేసి ఆ గడువులోనే తెలియజేయాలి. తుది జాబితా వచ్చాక ఎంత న్యాయమైన మనవి అయినా వినడం కష్టం. దివ్యాంగులు, ఎన్‌సీసీ, క్రీడలు, సైనికోద్యోగుల పిల్లల కోటాలవారికి ప్రత్యేక పరిశీలన ఉంటుంది. ఆ తేదీన ఒరిజినల్స్‌తో స్వయంగా హాజరు కావాలి.

ఎంసీసీ వైపు చూడటం ఎవరికి అవసరం

మన రాష్ట్రంలోనే సీటు వచ్చే ర్యాంకు ఉన్నప్పుడు ఎంసీసీ ఎందుకని కొందరు దానిని వదిలేస్తారు. నా అభిప్రాయంలో మన జిల్లాల వారు దానిని వదలకూడదు, ముఖ్యంగా సోంపేట, ఇచ్ఛాపురం వైపు వారు. ఇచ్ఛాపురానికి విజయవాడ కంటే భువనేశ్వర్ దగ్గర, అక్కడ ఎయిమ్స్ ఉంది. బరంపురంలో పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు పెట్టుకున్న ప్రభుత్వ వైద్య కళాశాల ఇచ్ఛాపురానికి సుమారు పాతిక కిలోమీటర్లే. ఒడిశా రాష్ట్ర కోటాలో మనకు భాగం లేదు గాని, అందులోని పదిహేను శాతం అఖిల భారత సీట్లకు ఎంసీసీ ద్వారా మనమూ పోటీ పడవచ్చు.

అయితే అక్కడి రౌండ్ల నిబంధనలను ముందే చదువుకోవాలి. మొదటి రౌండులో వచ్చిన సీటు నచ్చకపోతే చేరకుండా వదిలేయవచ్చు, డిపాజిట్ పోదు. రెండో రౌండులో వచ్చిన సీటును కాదంటే డిపాజిట్ పోతుంది. మూడో రౌండులో వచ్చిన సీటులో చేరినవారు ఆపై మరే కౌన్సెలింగ్‌లోనూ పాల్గొనలేరు. చివరిదైన స్ట్రే రౌండులో సీటు వచ్చి చేరకపోతే డిపాజిట్‌తో పాటు తరువాతి ఏడాది నీట్ రాసే వీలు కూడా పోతుంది. వచ్చినా చేరని కాలేజీ పేరును చివరి రౌండు జాబితాలో పొరపాటున కూడా పెట్టకూడదు.

వెబ్ ఆప్షన్లు

ర్యాంకు తరువాత సీటును నిర్ణయించేది ఇదే. కంప్యూటర్ మొదటి ర్యాంకు నుంచి వరుసగా వస్తుంది. మీ వంతు రాగానే మీ జాబితాలో పై నుంచి కిందికి చూసుకుంటూ పోయి, మీ కోటాలో ఖాళీ ఉన్న మొదటి కాలేజీ దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ‘వస్తుందో రాదో’ అన్న ఆలోచనతో పేర్లను కిందికీ పైకీ జరపడంలో అర్థం లేదు. నిజంగా ఎక్కడ చదవాలనుకుంటున్నారో ఆ క్రమంలోనే రాయాలి. రాదని తెలిసిన కాలేజీని మొదట పెట్టినందువల్ల కిందిదానికి ఉన్న అవకాశం రవ్వంత కూడా తగ్గదు. వస్తుందని తెలిసిన కాలేజీని మొదట పెడితే మాత్రం, పైది అందే ర్యాంకే అయినా అందదు. పది పేర్లు పెట్టి ఊరుకోవడం కూడా ప్రమాదమే. చేరడానికి సిద్ధంగా ఉన్న ప్రతి కాలేజీ పేరూ జాబితాలో ఉండాలి.

క్రమం ముందుగా తెల్లకాగితం మీద రాసుకోవాలి. మన ప్రాంతం నుంచి చాలామంది మొదట రాసేది విశాఖపట్నంలోని ఆంధ్ర మెడికల్ కాలేజీ. 1923 నుంచి ఉన్న సంస్థ, 250 సీట్లు, కింగ్ జార్జ్ ఆసుపత్రి దానికి అనుబంధం. ఆ తరువాత కాకినాడ రంగరాయ, గుంటూరు, విజయవాడ సిద్ధార్థ కాలేజీల పక్కన 2008లో మొదలైన శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల రిమ్స్‌ను ఎక్కడ పెట్టాలన్నది కుటుంబాల్లో వాదనకు దారితీసే ప్రశ్న. పాత కాలేజీల్లో పీజీ విభాగాలు ఎక్కువ, చూసే రోగులూ రకరకాలు. రిమ్స్‌లో ఇంటికి దగ్గర, హాస్టల్ ఖర్చులో కొంత ఆదా. పైగా ఉద్దానం మూత్రపిండాల వ్యాధి వంటి సమస్యను దగ్గరగా చూడవచ్చు. నన్నడిగితే ఇంటి దగ్గర అన్న ఒక్క కారణానికి పాత కాలేజీని కిందికి దించవద్దంటాను, కానీ ఇంట్లో ఆర్థిక స్థితి బలంగా లేనప్పుడు ఆ కారణం చిన్నదేమీ కాదు.

విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల విషయంలో మాత్రం ఒక మెలిక తెలిసి ఉండాలి. 2023లో ప్రారంభమైన ఐదు కొత్త కాలేజీల్లో ఇది ఒకటి, 150 సీట్లు. ఆ ఏడాది వచ్చిన ఉత్తర్వుల ప్రకారం అఖిల భారత కోటా పోను మిగిలిన సీట్లలో సగమే పదిహేను వేల వార్షిక ఫీజుతో జనరల్ కింద ఉంటాయి. 35 శాతం సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లకు ఏడాదికి పన్నెండు లక్షలు, 15 శాతం ఎన్‌ఆర్‌ఐ సీట్లకు ఇరవై లక్షలు. ‘ప్రభుత్వ కాలేజీయే కదా’ అని కేటగిరీ చూడకుండా ఎంచుకుంటే అలాట్‌మెంట్ లెటర్ మీద ఫీజు చూసి నివ్వెరపోవలసి వస్తుంది. కాలేజీ పేరుతో పాటు పక్కన ఉన్న కేటగిరీనీ, ఆ ఏడాది నోటిఫికేషన్‌లోని ఫీజునూ కలిపి చదవాలి. ప్రైవేటు వాటిలోనూ అంతే. నెల్లిమర్లలోని మహారాజా ఇన్‌స్టిట్యూట్, రాగోలులోని గ్రేట్ ఈస్టర్న్ కాలేజీల్లో కన్వీనర్ కోటా (రాష్ట్ర కోటా కింద విశ్వవిద్యాలయం నింపే) సీటు వేల రూపాయల్లో ఉంటే, యాజమాన్య కోటా సీటు లక్షల్లో ఉంటుంది.

కిందటేడు ఏ కాలేజీలో ఎంత వరకు సీటు వచ్చిందో చూసుకోవడం మంచి అలవాటే, కానీ చూడవలసినది ర్యాంకును, మార్కులను కాదు. 2024లో పదిహేడు మందికి 720కి 720 వచ్చాయి; 2025లో దేశంలో మొదటి ర్యాంకు వచ్చినవారి మార్కులే 686. ఒక ఏడాది మార్కులతో ఇంకో ఏడాది సీటును అంచనా వేస్తే అనవసరంగా బెంగపడటమో, అనవసరంగా ధీమాగా ఉండటమో జరుగుతుంది. విశ్వవిద్యాలయం ఫేజుల వారీగా ప్రకటించే కేటాయింపు జాబితాల్లో మీ కులం, మీ ప్రాంతం, బాలురా బాలికలా అన్నది సరిపోల్చి చివరి ర్యాంకు చూడాలి.

రెండో విడత ఆప్షన్లలో ఇంకొక విషయం గుర్తుంచుకోవాలి. మొదటి విడతలో సీటు వచ్చి చేరినవారు మెరుగైన కాలేజీ కోసం మళ్లీ ఆప్షన్లు పెట్టుకోవచ్చు, కానీ కొత్త సీటు రాగానే పాతది రద్దయి వేరొకరికి వెళ్లిపోతుంది. వెనక్కి తిరిగి రావడం ఉండదు. కాబట్టి అప్పుడు పెట్టే జాబితాలో ఇప్పటి కాలేజీ కంటే ఖచ్చితంగా ఇష్టమైనవే ఉండాలి. ఆప్షన్లు సేవ్ చేసి, ప్రింటు తీసుకుని, గడువు ముగిసేలోగా ఇంకోసారి లాగిన్ అయి అదే క్రమం ఉందో లేదో చూసుకోవాలి.

ఫోన్ చేసేవారి గురించి

ఫలితాలు వచ్చిన వారంలోనే ‘మేనేజ్‌మెంట్ సీటు మేము ఇప్పిస్తాం, అడ్వాన్స్ కట్టండి’ అంటూ ఫోన్లు మొదలవుతాయి. యాజమాన్య, ఎన్‌ఆర్‌ఐ సీట్లతో సహా ప్రతి ఎంబీబీఎస్ సీటూ నీట్ ర్యాంకు ఆధారంగా కౌన్సెలింగ్ ద్వారానే భర్తీ కావాలి. మధ్యవర్తి చేయగలిగింది దరఖాస్తు నింపడం తప్ప మరేమీ లేదు, అది మీరూ చేయగలరు. యాజమాన్య కోటాకు వెళ్లదలచినవారు ఆ నోటిఫికేషన్‌ను కన్వీనర్ కోటాతో పాటే గమనిస్తూ, విడిగా ఫీజు కట్టి దరఖాస్తు పెట్టుకోవాలి. నాలుగున్నరేళ్ల చదువుకు మొత్తం ఎంతవుతుందో, బ్యాంకు రుణం ఎంత దొరుకుతుందో ఆప్షన్లు పెట్టక ముందే లెక్క తేల్చుకోవాలి.

సీటు వచ్చాక

అలాట్‌మెంట్ లెటర్ డౌన్‌లోడ్ చేసుకుని, అందులో చెప్పిన విశ్వవిద్యాలయ రుసుము ఆన్‌లైన్‌లో కట్టి, గడువులోగా కాలేజీలో స్వయంగా రిపోర్టు చేయాలి. చివరి రోజు సాయంత్రం దాకా ఆగకూడదు. ఇచ్ఛాపురం నుంచి కర్నూలో అనంతపురమో వెళ్లవలసి వస్తే ప్రయాణమే ఒక రోజు పైన తింటుంది. నీట్ అడ్మిట్ కార్డు, ర్యాంకు కార్డు, పదో తరగతి, ఇంటర్ మెమోలు, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, నీట్ దరఖాస్తులో పెట్టిన ఫొటో ప్రతులు, కాలేజీ అడిగే బాండ్లకు స్టాంపు పేపర్లు, ర్యాగింగ్‌కు పాల్పడబోనని విద్యార్థి, తల్లిదండ్రులు ఇచ్చే అఫిడవిట్ వెంట ఉండాలి. చివరి విడతలో చేరిన సీటును తరువాత వదులుకుంటే పరిహారం కట్టవలసి ఉంటుందని బాండులో ఉంటుంది కాబట్టి సంతకం పెట్టేముందు ఆ పేరా చదవాలి.

ఒరిజినల్స్ కాలేజీలో అప్పగించాక చదువు పూర్తయ్యేదాకా సాధారణంగా అక్కడే ఉంటాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తుకూ, బ్యాంకు రుణానికీ, బస్సు పాసుకూ అవే కాగితాలు అడుగుతారు. కనుక అప్పగించే ముందే నాలుగైదు జిరాక్సు సెట్లు తీయించి గెజిటెడ్ అధికారితో ధ్రువీకరింపజేసుకోవాలి, స్కాన్లను తల్లిదండ్రుల ఫోన్‌లోనూ ఉంచాలి, ఏయే పత్రాలు తీసుకున్నారో రాసి ముద్ర వేసిన రసీదును కాలేజీ కార్యాలయం నుంచి అడిగి తీసుకోవాలి.